పాఠం చెప్పిన దారిలో నడవని కెరోటిడ్ ధమని

స్వరపేటిక పక్కన రెండు వేళ్లు ఆనించి కొద్దిగా నొక్కితే చేతికి తగిలే నాడి కెరోటిడ్ ధమనిది. మెదడుకు, ముఖానికి, నాలుకకు, తలపై చర్మానికి వెళ్లే రక్తంలో అధిక భాగం మెడకు చెరోవైపున ఉన్న ఈ రెండు ధమనుల గుండానే పైకి చేరుతుంది. వైద్య విద్యలో మొదటి సంవత్సరం పూర్తయ్యేలోగా దీని దారిని, కొమ్మలను, చుట్టూ ఉన్న నాడులను (నరాలను) విద్యార్థులు కంఠస్థం చేస్తారు. అనాటమీ బోధించే నేను కూడా ముందుగా ఆ దారినే చెబుతాను. అయితే ఆ దారి అందరి మెడలోనూ ఒకేలా ఉండదన్న సంగతి రెండు మార్కుల ప్రశ్నగా మిగిలిపోవడం నన్ను చాలాకాలంగా బాధిస్తోంది. ఈ తేడాల్లో చాలావాటితో మనిషి తన జీవితమంతా ఏ ఇబ్బందీ లేకుండా గడిపేస్తాడు. మెడలోకి కత్తో సూదో దిగవలసి వచ్చిన రోజున మాత్రం అవే తేడాలు ప్రాణాపాయానికి కారణం కాగలవు. అందుకే ఈ విషయాన్ని కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు సాధారణంగా ఉండే అమరిక చూద్దాం. గుండె నుంచి బయలుదేరిన బృహద్ధమని ఛాతీ పైభాగంలో చాపంలా వంగుతుంది. ఆ చాపం నుంచి మొదట పుట్టే బ్రేకియోసెఫాలిక్ కాండం, కుడి కాలర్ ఎముక ఛాతీ ఎముకతో కలిసే చోట వెనుక రెండుగా చీలుతుంది. అందులో ఒకటి చేతివైపు సాగే సబ్‌క్లేవియన్ ధమని కాగా, మరొకటి కుడి కామన్ కెరోటిడ్. ఎడమ కామన్ కెరోటిడ్ మాత్రం నేరుగా చాపం నుంచే పుడుతుంది. రెండూ జుగులర్ సిరతోనూ వేగస్ నాడితోనూ కలిసి ఒకే తొడుగులో పైకి నడిచి, థైరాయిడ్ మృదులాస్థి పై అంచు దగ్గర, అంటే సుమారుగా మూడు, నాలుగు మెడ వెన్నుపూసల మధ్య, ఎక్స్‌టర్నల్, ఇంటర్నల్ అనే రెండు శాఖలుగా విడిపోతాయి. ఎక్స్‌టర్నల్ కెరోటిడ్ ఎనిమిది కొమ్మలతో ముఖానికి, మెడకు రక్తాన్ని పంచుతుంది. ఇంటర్నల్ కెరోటిడ్ మెడలో ఒక్క కొమ్మ కూడా ఇవ్వకుండా పుర్రె అడుగున ఉన్న ఎముక సొరంగంలోకి ప్రవేశించి మెదడును చేరుతుంది.

ఈ వర్ణనలో శస్త్రచికిత్సకులు గట్టిగా నమ్ముకునే గుర్తులు కొన్ని ఉన్నాయి. కామన్ కెరోటిడ్‌కు కొమ్మలు ఉండవు. ఇంటర్నల్ కెరోటిడ్‌కు మెడలో కొమ్మలు ఉండవు. చీలిన చోట ఎక్స్‌టర్నల్ ముందుకీ మధ్యరేఖ వైపుకీ, ఇంటర్నల్ వెనక్కీ పక్కకీ ఉంటాయి. ఎంతకీ ఆగని ముక్కు రక్తస్రావానికో, ముఖానికి తగిలిన పెద్ద గాయానికో ఎక్స్‌టర్నల్ కెరోటిడ్‌ను ముడివేయవలసి వచ్చినప్పుడు, ‘కొమ్మలున్నదే ఎక్స్‌టర్నల్’ అన్న గుర్తే ఆధారం. పొరపాటున ఇంటర్నల్‌ను ముడివేస్తే మెదడులో ఒక అర్ధభాగానికి రక్తం ఆగిపోయే ప్రమాదం ఉంది. ఆ గుర్తులు చాలామంది విషయంలో నిజమే. నిజం కాని ఆ కొద్దిమంది గురించే ఈ వ్యాసం.

తేడాలు ఎందుకు వస్తాయో తెలియాలంటే పిండదశకు వెళ్లాలి. నాలుగో వారంలో గుండె ఇంకా మెడ ప్రాంతంలోనే ఉంటుంది. దాని నుంచి బయలుదేరిన రక్తం, గొంతుకు ఇరువైపులా వంగిన చాపాల గుండా వెనుకనున్న రెండు నిలువు బృహద్ధమనులకు చేరుతుంది. పుస్తకాలు ఈ చాపాలను ఆరు జతలుగా లెక్కిస్తాయి. అవన్నీ ఒకేసారి ఉండవు, మనిషిలో ఐదోది సరిగా ఏర్పడను కూడా ఏర్పడదు. మూడో చాపం కామన్ కెరోటిడ్‌గానూ ఇంటర్నల్ కెరోటిడ్ మొదటి భాగంగానూ మారుతుంది. ఇంటర్నల్ కెరోటిడ్‌లో మిగిలిన భాగం వెనుకనున్న బృహద్ధమని పైకొస నుంచి వస్తుంది. ఎక్స్‌టర్నల్ కెరోటిడ్ మూడో చాపం మీద కొత్తగా మొలకెత్తుతుంది. ఎడమ నాలుగో చాపం బృహద్ధమని చాపంలో భాగమవుతుంది. మూడో చాపానికీ నాలుగో చాపానికీ మధ్య వెనుకవైపున్న ముక్క కరిగిపోతుంది. ఇదంతా జరుగుతుండగానే గుండె మెడ నుంచి ఛాతీలోకి దిగుతూ, తన వెంట ధమనులను కిందికి సాగదీస్తుంది. కరగవలసిన ముక్క కరగకపోయినా, నిలవవలసిన ముక్క కరిగిపోయినా, గుండె దిగవలసినంత దిగకపోయినా, ఆ గుర్తు జీవితాంతం మెడలో ఉండిపోతుంది. అమెరికాలోని కార్నెగీ సంస్థ సేకరించిన మానవ పిండాల ఆధారంగా డోర్కాస్ పాడ్జెట్ 1948లో ప్రచురించిన చిత్రాలు తల ధమనుల అభివృద్ధిని దశలవారీగా చూపాయి. నేటికీ ఈ తేడాలను వివరించేవారు వాటినే ఆశ్రయిస్తున్నారు.

అన్నిటికంటే తరచుగా కనిపించే తేడా ధమని చీలే ఎత్తులో ఉంటుంది. థైరాయిడ్ మృదులాస్థి అంచు అనేది సగటు స్థానమే. చీలిక అంతకంటే కాస్త పైన, నాలుక మొదట్లో ఉండే హయాయిడ్ ఎముక దగ్గర ఉండటం అంత అరుదేమీ కాదు. మొదటి, రెండో వెన్నుపూసల ఎత్తులో, దాదాపు దవడ మూల వెనుక చీలడం మాత్రం అరుదు. ఛాతీలోనే చీలిపోయి ఎక్స్‌టర్నల్, ఇంటర్నల్ రెండూ విడివిడిగా మెడలోకి ఎక్కి రావడం అంతకంటే అరుదు. అలాంటి కొన్ని సందర్భాలు, మెడ వెన్నుపూసలు పుట్టుకతోనే అతుక్కుపోయే క్లిపెల్-ఫీల్ సిండ్రోమ్ ఉన్నవారిలో నమోదయ్యాయి. అసలు కామన్ కెరోటిడే లేకుండా, రెండు శాఖలూ బృహద్ధమని చాపం నుంచే నేరుగా పుట్టిన సందర్భాలు కూడా వైద్య సాహిత్యంలో ఉన్నాయి.

మా డిసెక్షన్ హాలులో ఒక వృద్ధుని భౌతికకాయంలో కుడి వైపు చీలికను చూసిన తీరు నాకు స్పష్టంగా గుర్తుంది. మెడ పక్కనున్న స్టెర్నోమాస్టాయిడ్ కండరాన్ని పక్కకు తొలగించి, తొడుగును నిలువునా తెరిచి, జుగులర్ సిరను వెనక్కి జరిపిన విద్యార్థులు థైరాయిడ్ మృదులాస్థి ఎత్తులో చీలిక కోసం వెతుకుతున్నారు. అక్కడ కామన్ కెరోటిడ్ నున్నగా, ఒంటిగా పైకి సాగిపోతోంది. దాని ముందు గోడ నుంచి మాత్రం సన్నని కొమ్మ ఒకటి బయలుదేరి కిందికి వంగి థైరాయిడ్ గ్రంథి పైకొసను చేరుతోంది. “మేడమ్, కొమ్మ ఉంది కాబట్టి ఇది ఎక్స్‌టర్నలే కదా, మరి ఇంటర్నల్ ఏది?” అని ఒక అమ్మాయి అడిగింది. “ఆ కొమ్మను వదిలేసి, ధమనిని ఇంకా పైకి వెంబడించు. పేరు ఆఖరున పెడదాం” అన్నాను. హయాయిడ్ ఎముక కొమ్ముకు పైన, దవడ కిందనున్న డైగాస్ట్రిక్ కండరాన్ని ఎత్తి పట్టుకుంటే గాని కనిపించని చోట, నాలుకను కదిలించే హైపోగ్లాసల్ నాడికి దాదాపు ఆనుకుని అసలు చీలిక ఉంది. అక్కడి నుంచి నాలుకకు వెళ్లే ధమనీ ముఖానికి వెళ్లే ధమనీ ఒకే మొదలు నుంచి పుట్టాయి. ఆ ఉమ్మడి మొదలు దాదాపు ఐదుగురిలో ఒకరికి ఉండేదే. థైరాయిడ్ కొమ్మ కామన్ కెరోటిడ్ నుంచి రావడం కూడా తెలిసిన తేడాయే. ఆ రెండింటినీ అంత ఎత్తైన చీలికతో కలిపి ఒకే మెడలో చూసిన విద్యార్థులకు, ‘కొమ్మలున్నదే ఎక్స్‌టర్నల్’ అన్న గుర్తును ఎంతవరకు నమ్మవచ్చో నేను వేరే చెప్పవలసిన అవసరం రాలేదు. మరణానంతరం తన శరీరాన్ని చదువు కోసం ఇచ్చిన ఆ పెద్దాయనకు వారితోపాటు నేనూ రుణపడి ఉన్నాను.

ఎత్తైన చీలిక వల్ల ఆపరేషన్ థియేటర్‌లో కలిగే కష్టం చిన్నది కాదు. కెరోటిడ్ లోపలి గోడకు పట్టిన కొవ్వు పూతను తీసివేసే ఎండార్టెరెక్టమీ అనే శస్త్రచికిత్స 1950లలో మొదలైంది. ఆ పూత ఎక్కువగా చీలిక దగ్గరే పేరుకుంటుంది. చీలిక దవడ వెనుక ఉంటే కోతను పైకి పొడిగించాలి, డైగాస్ట్రిక్ కండరాన్ని కోయవలసి రావచ్చు, నోటి గొట్టానికి బదులు ముక్కు గొట్టం ద్వారా మత్తు ఇచ్చి దవడను ముందుకు జరపవలసి రావచ్చు. హైపోగ్లాసల్ నాడికి దెబ్బ తగిలితే నాలుకలో ఆ సగం కదలదు. ఇవన్నీ ముందురోజు రక్తనాళాలను చూపే సి.టి. యాంజియోగ్రామ్‌లో చూసి సిద్ధపడగలిగినవే. కోత పెట్టిన తర్వాత తెలిస్తే మాత్రం రోగి ఆ గంటంతా అదృష్టం మీద ఆధారపడవలసి ఉంటుంది.

కొందరిలో చీలికే ఉండదు. ఒకే కాండం కింది నుంచి పుర్రె దాకా సాగిపోతుంది, ఎక్స్‌టర్నల్ ఇవ్వవలసిన కొమ్మలన్నీ దాని గోడ నుంచే వరసగా పుడతాయి. ఇది చాలా అరుదు. ఇక్కడ కొమ్మల గుర్తు పూర్తిగా తలకిందులవుతుంది, ఎందుకంటే కొమ్మలున్న ఈ ధమనే మెదడును పోషిస్తోంది. ఇంటర్నల్ కెరోటిడ్ నుంచి తల వెనుక భాగానికి వెళ్లే ఆక్సిపిటల్ ధమని పుట్టడం, గొంతు గోడకు వెళ్లే అసెండింగ్ ఫేరింజియల్ ధమని పుట్టడం కూడా నమోదయ్యాయి. ఇంకొందరిలో చీలిన చోట రెండు శాఖలూ స్థానాలు మార్చుకుని, ఇంటర్నల్ మధ్యరేఖ వైపు, ఎక్స్‌టర్నల్ బయటివైపు ఉంటాయి. పక్క నుంచి తెరిచిన శస్త్రచికిత్సకునికి ముందుగా కనబడేది అప్పుడు ఎక్స్‌టర్నలే.

బృహద్ధమని దగ్గర వచ్చే తేడాల్లో ఎక్కువగా వినబడేది ‘బొవైన్ ఆర్చ్’, అంటే పశువుల చాపం. ఎడమ కామన్ కెరోటిడ్, బ్రేకియోసెఫాలిక్ కాండం రెండూ ఒకే మొదలు నుంచి పుట్టడాన్నీ, లేదా ఎడమ కెరోటిడ్ ఆ కాండం నుంచే కొమ్మగా రావడాన్నీ ఇలా పిలుస్తున్నారు. పశువుల్లో నిజానికి చాపం నుంచి ఒకే ఒక పెద్ద కాండం పుట్టి, రెండు చేతుల స్థానంలో ఉన్న ముందుకాళ్లకూ తలకూ అదే రక్తాన్ని పంచుతుంది. మనుషుల్లో కనిపించే ఈ తేడాకు ఆ పేరు సరిపోదని 2006లో అమెరికా న్యూరోరేడియాలజీ పత్రికలో స్పష్టంగా రాసినా, ఆస్పత్రుల్లో వాడుక మారలేదు. తొడ ధమని నుంచి సన్నని గొట్టాన్ని పైకి పంపి ఎడమ కెరోటిడ్‌లోకి తిప్పేవారికి ఈ తేడా కొంత చిక్కు తెచ్చిపెడుతుంది. అంతకుమించి దీని గురించి భయపడవలసింది లేదు.

పశువుల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇంకో ముఖ్యమైన సంగతి చెప్పాలి. మేక, గొర్రె, ఆవు వంటి జంతువుల్లో మెడలోని ఇంటర్నల్ కెరోటిడ్ పుట్టిన తర్వాత మూసుకుపోతుంది. వాటి మెదడుకు రక్తం దవడ ధమని నుంచి, పుర్రె అడుగున ఉండే సన్నని ధమనుల వల గుండా వెళ్తుంది. ఆ వలను ‘రెటె మిరాబిలె’ అంటారు. రెండో శతాబ్దపు గ్రీకు వైద్యుడు గాలెన్ జంతువులను కోసి చూసిన అనుభవంతో, మనిషిలో కూడా ఆ వల ఉందని, ప్రాణశక్తి అక్కడే శుద్ధి అవుతుందని రాశాడు. దాదాపు పదమూడు శతాబ్దాలపాటు ఆ మాట చెల్లింది. 1520ల తొలినాళ్లలో ఇటలీకి చెందిన బెరెంగారియో డా కార్పి, తాను ఎంత వెతికినా అది మనిషిలో కనబడలేదని రాశాడు. 1538లో వెసేలియస్ తన చిత్రాల్లో ఆ వలను గీశాడు, 1543 నాటికి అది మనిషిలో లేదని తేల్చి చెప్పాడు. మనిషి తలలో దానిని చూపించలేక, పాఠం చెప్పేటప్పుడు గొర్రె తలనో ఎద్దు తలనో దగ్గర పెట్టుకునేవాడినని కూడా ఆయన ఒప్పుకున్నాడు. పుస్తకంలో రాసినదాని కంటే చేతి కింద కనబడినదానిని నమ్మడం ఎంత కష్టమో ఆ చరిత్ర చెబుతుంది. ఇందులో నాకు మరింత ఆశ్చర్యం కలిగించేది ఏమిటంటే, ఇంటర్నల్ కెరోటిడ్ సరిగా పెరగని అతికొద్ది మంది మనుషుల్లో అలాంటి వల నిజంగానే కనబడింది. అలాంటి నివేదికలు ఎక్కువగా జపాన్ నుంచి వచ్చాయి.

ఇంటర్నల్ కెరోటిడ్ పూర్తిగా లేకపోవడం పదివేల మందిలో ఒకరికంటే తక్కువమందిలో ఉంటుందని అంచనా. దీనిని 1787లో టోడె మొదటిసారి మరణానంతర పరీక్షలో వర్ణించగా, 1954లో వెర్బీస్ట్ యాంజియోగ్రామ్‌లో గుర్తించాడు. మెదడుకు వెళ్లే నాలుగు ప్రధాన ధమనుల్లో ఒకటి లేకున్నా చాలామంది ఏ లక్షణమూ లేకుండా జీవించడానికి కారణం, మెదడు అడుగున ఉన్న విల్లిస్ ధమనీ వలయం. ఎదుటివైపు కెరోటిడ్ నుంచి, మెదడు వెనుక భాగాన్ని పోషించే బేసిలార్ ధమని నుంచి వచ్చే రక్తం ఆ వలయం గుండా లోటు తీరుస్తుంది. ఇలా అదనపు భారం మోసే ధమనుల గోడలు సంవత్సరాల తరబడి ఒత్తిడికి లోనవుతాయి. అందుకే ఈ లోపం ఉన్నట్టు నమోదైనవారిలో సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకు ధమని గోడ ఉబ్బి పలుచబడిన ఎన్యూరిజంలు కనబడ్డాయి. సాధారణ జనాభాలో ఆ సంఖ్య వందకు రెండు నుంచి నాలుగు. అది పగిలితే మెదడులో రక్తస్రావమే మొదటి లక్షణం కావచ్చు.

ధమని పుట్టుకతో లేదా, లేక ఉన్నది తర్వాత మూసుకుపోయిందా అన్నది వైద్యంలో చాలా పెద్ద ప్రశ్న, ఎందుకంటే మూసుకుపోయినదైతే కారణం వెతకాలి, పక్షవాతాన్ని నివారించే మందులు మొదలుపెట్టాలి. దీనికి జవాబు ధమనిలో దొరకదు, ఎముకలో దొరుకుతుంది. పిండదశలో ఐదారు వారాల సమయంలో పుర్రె అడుగు భాగం రూపుదిద్దుకునేటప్పుడు, అప్పటికే అక్కడున్న ఇంటర్నల్ కెరోటిడ్ చుట్టూ ఎముక పెరిగి సొరంగం ఏర్పడుతుంది. అప్పటికి ధమని లేకపోతే సొరంగమూ ఉండదు. ధమని ఏర్పడి సన్నగా మిగిలిపోతే సొరంగం ఇరుకుగా ఉంటుంది. అరవయ్యేళ్ల వయసులో కొవ్వు పేరుకుని ధమని మూసుకుపోతే సొరంగం మామూలు వెడల్పుతోనే ఉంటుంది. కాబట్టి మెడ ధమనుల డాప్లర్ స్కానులో ఇంటర్నల్ కెరోటిడ్ కనబడలేదని రాసిన ప్రతి సందర్భంలోనూ, పుర్రె అడుగు భాగపు సి.టి.లో రెండు వైపుల సొరంగాలను పోల్చి చూడాలి. నేను విద్యార్థుల చేతికి ఎండు పుర్రెను ఇచ్చి, అడుగున ఉన్న గుండ్రని రంధ్రంలోకి సన్నని తీగను పంపించమంటాను. తీగ నిటారుగా కొంత దూరం ఎక్కి, ఒక్కసారిగా ముందుకీ లోపలికీ వంగి, పుర్రె లోపల బయటపడుతుంది. ఆ వంపును చేతితో తెలుసుకున్న విద్యార్థి దానిని మర్చిపోవడం నేను చూడలేదు. ఈ ధమని గోడ చుట్టూ అల్లుకుని సింపథెటిక్ నాడీ తంతువులు కంటికి వెళ్తాయి. అందువల్ల ధమని లేని పసిబిడ్డల్లో కొందరికి ఆ వైపు కనురెప్ప కొద్దిగా వాలి, కంటిపాప చిన్నదై ఉంటుంది. తేడా కనుక్కోవడానికి ఆ చిన్న గుర్తు దారి చూపిన సందర్భాలు ఉన్నాయి.

దీనికి దగ్గరి చుట్టంలాంటి మరొక తేడా చెవిలో బయటపడుతుంది. ఇంటర్నల్ కెరోటిడ్ మెడ భాగం కరిగిపోయినప్పుడు, కొందరిలో మధ్యచెవి గుండా వెళ్లే ఒక సన్నని పిండదశ ధమని లావై, ఆ లోటును పూరించి, చెవి ముందున్న సొరంగంలో అసలు దారిని కలుసుకుంటుంది. కర్ణభేరి వెనుక ఎర్రగా కొట్టుకుంటున్న ముద్దలా అది కనబడుతుంది. చెవిలో గుండె చప్పుడులాంటి శబ్దం నిరంతరం వినబడటం దాని ప్రధాన లక్షణం. రక్తనాళాలతో నిండిన గ్లోమస్ గడ్డగా పొరబడి ముక్క తీయబోతే, లేదా చీము ఉందనుకుని కర్ణభేరికి రంధ్రం చేయబోతే, కత్తి నేరుగా కెరోటిడ్‌లోకి దిగుతుంది. చెవిలో ఎర్రని ముద్ద కనబడితే సి.టి. తీయకుండా దానిని ముట్టకూడదన్న నియమం పుట్టడానికి కారణం ఇదే.

పిండదశలో మెదడు వెనుక భాగానికి రక్తం మొదట కెరోటిడ్ నుంచే వెళ్తుంది. మెడ వెన్నుపూసల గుండా పైకెక్కే వెర్టిబ్రల్ ధమనులు ఎదిగేవరకు, సుమారు వారం రోజులపాటు, కొన్ని అడ్డ ధమనులు ఆ పని చేసి కరిగిపోతాయి. కొత్త కాలువ తవ్విన తర్వాత పాత కాలువను పూడ్చకుండా వదిలేసినట్లు, అరుదుగా వాటిలో ఒకటి అలాగే మిగిలిపోతుంది. అన్నిటిలో ఎక్కువగా కనబడే ట్రైజెమినల్ ధమని పుర్రె లోపలిది. మెడలో కనబడేవి హైపోగ్లాసల్ ధమని, ప్రోఅట్లాంటల్ ధమని. వెయ్యి మందిలో ఒకరికంటే తక్కువమందిలో ఉండే హైపోగ్లాసల్ ధమని, మొదటి మూడు వెన్నుపూసల ఎత్తులో ఇంటర్నల్ కెరోటిడ్ నుంచి పుట్టి, అదే పేరున్న నాడి బయటకు వచ్చే ఎముక రంధ్రం గుండా లోపలికి వెళ్లి బేసిలార్ ధమనిగా మారుతుంది. ప్రోఅట్లాంటల్ అంతకంటే అరుదు. అది ఇంటర్నల్ నుంచి గాని ఎక్స్‌టర్నల్ నుంచి గాని పుట్టి, పుర్రె అడుగున ఉన్న పెద్ద రంధ్రం గుండా ప్రవేశిస్తుంది. ఇవి ఉన్నవారిలో వెర్టిబ్రల్ ధమనులు తరచుగా సన్నగా ఉంటాయి, కొన్నిసార్లు అసలు ఉండవు. అంటే మెదడు కాండానికి, చిన్నమెదడుకు రక్తమంతా ఒక్క కెరోటిడ్ మీదే ఆధారపడి ఉంటుంది. ఎండార్టెరెక్టమీలో ఆ కెరోటిడ్‌కు క్లాంపు వేసినప్పుడు ఊపిరినీ స్పృహనూ నిలిపే భాగాలకు కూడా రక్తం తగ్గుతుంది. కెరోటిడ్‌లోని పూత ముక్క విరిగి చిన్నమెదడులో పక్షవాతం తెచ్చినప్పుడు, ఈ ధమని సంగతి తెలియని వైద్యుడు ఆ రెండింటికీ సంబంధం లేదనుకుంటాడు.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపరిచే తేడా గొంతు వెనుక గోడకు చేరిన ఇంటర్నల్ కెరోటిడ్. ఇంతవరకు చెప్పినవాటిలో చాలావరకు పెద్ద ఆస్పత్రుల్లో, స్కానింగ్ తర్వాత జరిగే శస్త్రచికిత్సల్లో ఎదురవుతాయి. ఇది మాత్రం ఊరూరా జరిగే టాన్సిల్స్ ఆపరేషన్‌లో, టాన్సిల్ పక్కన చేరిన చీమును తీసే చిన్న చికిత్సలో, శ్వాసగొట్టం వేసే సమయంలో ఎదురవుతుంది. పెద్దవారిలో ఇంటర్నల్ కెరోటిడ్ టాన్సిల్‌కు సుమారు 2.5 సెంటీమీటర్ల దూరంలో, వెనుకగా, బయటివైపుగా ఉంటుంది. ధమని వంకర తిరిగినప్పుడు ఆ దూరం కొన్ని మిల్లీమీటర్లకు తగ్గిపోతుంది. 1965లో వైబెల్, ఫీల్డ్స్ ఈ వంకరలను మూడు రకాలుగా విభజించారు: మెలికగా సాగేవి, ఉంగరంలా చుట్టుకునేవి, పదునుగా విరిగినట్టు వంగేవి. వయసు మీరినకొద్దీ, రక్తపోటు పెరిగినకొద్దీ ధమని సాగి వంకరలు ఎక్కువవుతాయి. ఉంగరంలాంటి చుట్టు మాత్రం పసిపిల్లల్లో కూడా కనబడుతుంది. పిండదశలో సహజంగా ఉండే వంపు, గుండె కిందికి దిగేటప్పుడు పూర్తిగా నిటారు కాకపోవడమే దానికి కారణమని భావిస్తారు. రెండు వైపుల ధమనులూ మధ్యరేఖ దగ్గర ఒకదానికొకటి ఆనుకునేంత దగ్గరకు వచ్చిన సందర్భాలు కూడా నమోదయ్యాయి.

అలాంటి వ్యక్తి నోరు తెరిస్తే, గొంతు వెనుక గోడ మీద ఒక పక్కన మెత్తని ఉబ్బు, దాని మీద ఎర్రని పొర, జాగ్రత్తగా చూస్తే నాడితో పాటు కొట్టుకోవడం కనబడుతుంది. కొందరు గొంతులో ఏదో అడ్డుపడినట్టుందని వస్తారు, చాలామందికి ఏ బాధా ఉండదు. ఆ ఉబ్బును గడ్డగా భావించి సూది గుచ్చితే జరిగే రక్తస్రావాన్ని నోటి ద్వారా ఆపడం అత్యంత కష్టం. చీము ఉందనుకుని కోసే ముందు ఒక నిమిషం ఆగి, మంచి వెలుతురులో అది కొట్టుకుంటోందా లేదా చూడటం, అనుమానం ఉంటే కాంట్రాస్టు సి.టి. తీయడం, ఇవి ఖరీదైన జాగ్రత్తలు కావు.

ఈ విషయంలో తల్లిదండ్రులు తెలుసుకోవలసినది ఒకటి ఉంది. 22వ క్రోమోజోమ్‌లో ఒక చిన్న ముక్క లోపించినప్పుడు వచ్చే సిండ్రోమ్, సుమారు నాలుగు వేల జననాలకు ఒకరిలో ఉంటుందని చాలాకాలంగా అంచనా వేస్తున్నారు. ఆ పిల్లల్లో గుండె లోపాలు, అంగిలి లోపాలు, కాల్షియం తగ్గడం, ముక్కుతో మాట్లాడటం కనబడతాయి. కెరోటిడ్‌ను తయారుచేసే పిండదశ గొంతు ప్రాంతమే ఇందులో దెబ్బతింటుంది కాబట్టి, ఈ పిల్లల్లో ఇంటర్నల్ కెరోటిడ్ మధ్యరేఖ వైపు జరిగి గొంతు వెనుక గోడ కింద ఉండటం మిగతా పిల్లల కంటే చాలా ఎక్కువ. అయితే ముక్కుమాటను సరిచేసేందుకు చేసే శస్త్రచికిత్సల్లో ఒకదానికి సరిగ్గా ఆ గోడ నుంచే కండరపు పొరను తీస్తారు. అందుకే ఆ ఆపరేషన్‌కు ముందు మెడ ధమనుల ఎం.ఆర్. లేదా సి.టి. యాంజియోగ్రామ్ చూడాలని చాలా కేంద్రాల్లో పాటిస్తున్నారు. ధమని పక్కకు జరిగి ఉందని తెలిస్తే ఆపరేషన్ మానుకోవలసిన పని లేదు. పొరను తీసే వైపునో వెడల్పునో మార్చుకోవచ్చు.

ఇక నా అభిప్రాయం. వేరే కారణానికి తీసిన స్కానులో ఇలాంటి తేడా కనబడినప్పుడు, దానికి జబ్బుతో సంబంధం లేదన్న కారణంతో రిపోర్టులో రాయకపోవడం, రాసినా మధ్యలో ఒక పంక్తిలో కలిపివేసి చివరి సారాంశంలో వదిలేయడం నేను చాలా రిపోర్టుల్లో చూశాను. ఇది మారాలి. మెడ సి.టి. చదివే రేడియాలజిస్టు రెండు వైపుల చీలిక ఏ వెన్నుపూస ఎత్తులో ఉందో, ఇంటర్నల్ కెరోటిడ్ గొంతు పొరకు ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉందో, పుర్రె అడుగున సొరంగాలు సమానంగా ఉన్నాయో లేదో, కెరోటిడ్ నుంచి వెనుకకు వెళ్లే ధమని ఏదైనా ఉందో లేదో సారాంశంలోనే రాయాలి. రోగికి కూడా ఆ సంగతి తెలుగులో చెప్పి, కాగితం మీద రాసివ్వాలి. “మీ గొంతు వెనుక పెద్ద ధమని ఒకటి మామూలు కంటే దగ్గరగా ఉంది. దీనివల్ల ఇప్పుడు ప్రమాదం లేదు. గొంతుకు గాని మెడకు గాని ఏ ఆపరేషన్ చేయించుకోవలసి వచ్చినా ముందుగా ఈ కాగితం చూపించండి” అన్న మూడు వాక్యాలు చాలు. పదేళ్ల తర్వాత మరో ఊళ్లో, మరో వైద్యుని ముందు కూర్చున్నప్పుడు ఆ మనిషి చేతిలో ఉండేది పాత సి.డి. కాదు, ఆ కాగితమే.

మా విభాగంలో డిసెక్షన్‌లో కనబడిన ప్రతి ధమని తేడాకూ ఒక పుటను కేటాయించడం మొదలుపెట్టాం. వైపు, చీలిక ఎత్తు, దవడ మూల నుంచి దూరం, కొమ్మలు పుట్టిన వరుస, హైపోగ్లాసల్ నాడి దానిని దాటిన చోటు, వీటిని స్కేలు పక్కన పెట్టి తీసిన ఫొటోతో సహా విద్యార్థులే నమోదు చేస్తున్నారు. రెండు వైపులనూ కొలవమని చెబుతున్నాను, ఎందుకంటే ఒక వైపు చీలిక పైన ఉన్న మెడలో రెండో వైపు కూడా పైనే ఉంటుందన్న నమ్మకం లేదు.